మాయ వెనక లెక్కలు: కె.వి.రెడ్డి జీవితం, ‘మాయాబజార్’ గురించి అపోహలు – నిజాలు



పండగ సెలవుల్లో టీవీలో ‘మాయాబజార్’ వస్తే పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎలా వెళ్తున్నాయి? గ్రాఫిక్స్ అని చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ సినిమా 1957 నాటిది. అప్పటికి మన స్టూడియోల్లో కంప్యూటర్ అన్న మాటే లేదు. మంత్రం అంటే ఈ కాలం పిల్లలు నవ్వుతారు. నిజమైన జవాబు చెప్పాలంటే ఒక మనిషి జీవితం చెప్పాలి. ఆయన భౌతికశాస్త్రం చదివి, సినిమా కంపెనీలో క్యాషియర్‌గా లెక్కలు రాసి, ఆ తర్వాత దర్శకుడయ్యారు. ఆయన పేరు కదిరి వెంకటరెడ్డి. మనందరికీ తెలిసిన పేరు కె.వి.రెడ్డి.

తెలుగులో సైన్స్ ఫిక్షన్ అనగానే మనకు గుర్తొచ్చేది 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’. ఆ సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు పని నేర్చుకున్నది కె.వి.రెడ్డి దగ్గరే, ‘మాయాబజార్’కు సహాయకుడిగా. కాబట్టి మన తెరమీది టైమ్ మెషీన్ కథ కూడా ఈ మాయాబజారు వీధిలోనే మొదలైంది.

తాడిపత్రి నుంచి ప్రెసిడెన్సీ కాలేజీకి

కె.వి.రెడ్డి 1912 జులై 1న అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతంలో పుట్టారు. ఊహ తెలియని వయసులోనే తండ్రి పోయారు. చదువు మాత్రం ఆగలేదు. మద్రాసు వెళ్లి ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రంతో డిగ్రీ పూర్తి చేశారు. ఆ రోజుల్లో మన పల్లెటూళ్ల నుంచి వెళ్లి అక్కడ సైన్సు డిగ్రీ తెచ్చుకోవడం చిన్న విషయం కాదు. ఆ డిగ్రీ చేతికొచ్చాక ప్రభుత్వ ఉద్యోగమో, కాలేజీలో పాఠాలు చెప్పే పనో ఖాయమని ఏ ఇంట్లోనైనా అనుకుంటారు.

ఆయన వెళ్లింది సినిమాల్లోకి. అదీ నటుడిగానో రచయితగానో కాదు. 1938లో హెచ్.ఎం.రెడ్డి తీసిన ‘గృహలక్ష్మి’కి క్యాషియర్‌గా చేరారు. ఆ తర్వాత బి.ఎన్.రెడ్డి, తాడిపత్రి మిత్రుడు మూలా నారాయణస్వామి తదితరులు కలిసి నడిపిన వాహినీ సంస్థలో నిర్మాణ వ్యవహారాలు చూశారు. ‘వందేమాతరం’, ‘సుమంగళి’, ‘దేవత’ ఆ సంస్థ సినిమాలే.

ఈ దశను చాలామంది రెండు ముక్కల్లో చెప్పి దాటేస్తారు. కానీ తల్లిదండ్రులుగా మనం కాస్త ఆగి చూడాల్సింది ఇక్కడే. డబ్బు ఎటు పోతుందో చూసే మనిషికి సినిమా అంతా కనిపిస్తుంది. ఒక సెట్టు ఒక రోజు ఎక్కువ నిలబెడితే ఎంత ఖర్చు, ఫిలిం వంద అడుగులు వృథా అయితే ఎంత నష్టం, తగిన సన్నాహం లేకుండా సెట్టుకు వస్తే ఎంతమంది జీతం ఊరికే పోతుంది, ఇవన్నీ ఆయన దర్శకుడు కాకముందే చిట్టా పుస్తకంలో చదివేశారు. తర్వాత ఆయనకు పేరు తెచ్చిన పద్ధతి అక్కడ పుట్టిందే.

దర్శకుడిగా తొలి సినిమా నాగయ్య గారు పోతనగా నటించిన ‘భక్త పోతన’. తర్వాత ‘యోగి వేమన’ (1947), ‘గుణసుందరి కథ’ (1949). విజయా సంస్థకు 1951లో తీసిన ‘పాతాళభైరవి’ మన ఊళ్లన్నిటినీ ఊపేసింది. 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో కూడా దాన్ని ప్రదర్శించారు. 1954లో ‘పెద్దమనుషులు’, 1955లో అన్నపూర్ణా వారి తొలి చిత్రం ‘దొంగరాముడు’. ఆ రెండిట్లో మాయలు లేవు, మంత్రాలు లేవు. మనుషుల మంచీ చెడూ మాత్రమే ఉన్నాయి. అంటే ఆయన ట్రిక్కుల మీదే బతికిన దర్శకుడు కాదు.

స్టాప్‌వాచీ పట్టుకున్న దర్శకుడు

కె.వి.రెడ్డి సినిమా ముందు కాగితం మీద పూర్తయ్యేది. కథ, మాటలు అన్నీ తేలాకే సెట్టుకు వెళ్లేవారు. ప్రతి సన్నివేశాన్నీ ముందే చదివించి, నడిపించి చూసి, ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచీతో కొలిచేవారు. ఆ సెకన్లను ఫిలిం అడుగుల్లోకి మార్చి రాసుకునేవారు.

ఇందులో లెక్క చాలా సులువు, మీ ఆరో తరగతి పిల్లలతో కూడా చేయించవచ్చు. తెర మీద ఒక సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. 35 మిల్లీమీటర్ల ఫిలింలో ఒక అడుగుకు 16 బొమ్మలు పడతాయి. అంటే ఒక నిమిషానికి 90 అడుగుల ఫిలిం కావాలి. ‘మాయాబజార్’ నిడివి 184 నిమిషాలు. 184ను 90తో గుణిస్తే 16,560 అడుగులు, అంటే సుమారు 5 కిలోమీటర్లు. బొమ్మలుగా లెక్కేస్తే 2,64,960. ఆ ప్రతి బొమ్మా ఫిలిం మీద పడ్డ ఒక ఫొటో. ట్రిక్కు షాటులో వాటిలో ఒక్కటి తేడా వచ్చినా మాయ బయటపడిపోతుంది.

ఇక ఆ సినిమా చుట్టూ 60 ఏళ్లు దాటాక కూడా తిరుగుతున్న మాటల్లో ఏది ఎంత నిజమో చూద్దాం.

అపోహ: లడ్డూలను కనపడని దారాలతో లాగారు.

నిజం: ఆ పాటలో ముఖ్యమైన పనితనం స్టాప్ మోషన్. వస్తువును ఒక చోట పెట్టి ఒక్క బొమ్మ తీస్తారు. కెమెరా ఆపేస్తారు. వస్తువును వెంట్రుకవాసి జరిపి ఇంకో బొమ్మ తీస్తారు. ఇలా తీసినవన్నీ వరసగా ఆడిస్తే వస్తువు తనంతట తానే కదిలినట్టు కనిపిస్తుంది. ఒక సెకను కదలికకు 24 సార్లు జరపాలి. మధ్యలో కెమెరా కదలకూడదు, వెలుగు మారకూడదు. దారాల మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. సినిమా రాకముందు నుంచీ సురభి నాటక సమాజాల వాళ్లు రంగస్థలం మీద ‘మాయాబజార్’ ఆడుతున్నారు, వస్తువులు గాల్లో ఎగిరే తమాషాలు చూపిస్తున్నారు. నాటకం చూసిన పెద్దలు సినిమాలోనూ అదే జరిగిందనుకున్నారు.

అపోహ: పడవ పాటను నిజమైన పున్నమి వెన్నెల్లో తీశారు.

నిజం: నిండు పున్నమి వెలుగు ఎండకంటే సుమారు నాలుగు లక్షల రెట్లు తక్కువ. అప్పటి ఫిలిం మీద ఆ వెలుగు పడదు, నల్లగా వస్తుంది. కాబట్టి కెమెరామన్ మార్కస్ బార్ట్లే ఆ వెన్నెలను తయారు చేశారు. లైట్లను మెత్తగా పరచి, నీటి మీద మెరుపు ఎంతుండాలో, ముఖాల మీద నీడ ఎంతుండాలో చూసుకుని చల్లదనం తెప్పించారు. ఆ పాట చూస్తే ఇప్పటికీ చలి వేసినట్టుంటుంది. అంత చల్లని పాటకు వెనక వేడి పుట్టించే స్టూడియో దీపాలున్నాయి. ఈ బార్ట్లే గారే తర్వాత మలయాళంలో ‘చెమ్మీన్’కు కెమెరా పట్టారు.

అపోహ: ద్వారక అంతా పెద్ద సెట్టు.

నిజం: పైనుంచి కనిపించే ద్వారకా నగరం బొమ్మ నగరం. కళాదర్శకులు గోఖలే, కళాధర్ సుమారు 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు స్థలంలో దాదాపు 300 చిన్న ఇళ్లు కట్టించారు. ప్రతి ఇంట్లో విడిగా దీపం వెలిగేలా కరెంటు ఏర్పాటు చేశారు. అన్నిటికీ కలిపి బయటినుంచి ఒకే లైటు వేస్తే పని తేలికే. కానీ మనుషులు కాపురం ఉండే ఊరిలా కనిపించాలంటే కిటికీలోంచి వెలుగు రావాలి. మన పిల్లల సైన్స్ ఎగ్జిబిషన్ మోడల్‌కూ ఆ ద్వారకకూ తేడా ఆ ఓపికలోనే ఉంది.

అపోహ: ఈ కథ వ్యాస భారతంలోది.

నిజం: బలరాముడి కూతురు శశిరేఖ వ్యాస భారతంలో లేదు. ఆమె పెళ్లి కథ జనంలో పుట్టి, నాటకాల్లో పెరిగింది. ఇదే పేరుతో 1936లోనే తెలుగులో ఒక సినిమా వచ్చింది. పింగళి నాగేంద్రరావు గారు ఆ కథను కొత్తగా అల్లారు. భారత కథే అయినా తెరమీద పాండవులు ఒక్కరు కూడా కనిపించరు. ఇంకోసారి చూసినప్పుడు పిల్లలను గమనించమనండి. మనకు నిఘంటువులో దొరకని అసమదీయులు, తసమదీయులు, గింబళి వంటి మాటలు ఇంటింటికీ చేరింది పింగళి గారి చలవే.

అపోహ: ఎన్టీఆర్ కృష్ణుడి వేషం అనగానే ఎగిరి గంతేశారు.

నిజం: ఆయన మొదట వెనకాడారు. 1956లో ‘సొంతవూరు’లో కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనానికి నచ్చలేదు. ఆ చేదు ఆయనకు గుర్తుంది. కె.వి.రెడ్డి నచ్చజెప్పి, కిరీటం దగ్గర్నుంచి నడక దాకా జాగ్రత్త తీసుకుని ఒప్పించారు. ఆ తర్వాత తెలుగు ఇళ్లలో కృష్ణుడి పటానికి ఆ ముఖమే స్థిరపడింది. ఒకసారి కుదరని పనిని సరైన సన్నాహంతో రెండోసారి చేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

అపోహ: పాటలన్నీ ఒక్కరే కట్టారు.

నిజం: తెర మీద సంగీత దర్శకుడిగా పేరు ఘంటసాల గారిది. అయితే సాలూరి రాజేశ్వరరావు గారు నాలుగు పాటలకు బాణీలు కట్టి, తర్వాత ఆ సినిమా నుంచి తప్పుకున్నారు. ఘంటసాల గారు ఆ బాణీలను పక్కన పడేయలేదు. వాటికి వాద్యాలు అమర్చి రికార్డు చేసి, మిగిలిన పాటలు తాను కట్టారు. విన్నవారికి అతుకు ఎక్కడుందో తెలియదు.

అపోహ: తమిళ ‘మాయాబజార్’ తెలుగు సినిమాకు డబ్బింగ్.

నిజం: అది డబ్బింగ్ కాదు. తమిళానికి వేరుగా తీశారు. తెలుగులో అక్కినేని చేసిన అభిమన్యుడి పాత్రను అక్కడ జెమినీ గణేశన్, రేలంగి చేసిన లక్ష్మణ కుమారుడి పాత్రను తంగవేలు చేశారు.

అపోహ: శశిరేఖ దగ్గరున్న ప్రియదర్శిని పెట్టె వీడియో కాల్‌ను ముందే ఊహించింది.

నిజం: ఇది సగమే నిజం. మూత తీయగానే దూరంగా ఉన్న అభిమన్యుడు కనిపించడం చూస్తే ల్యాప్‌టాప్ గుర్తొస్తుంది, అందులో తప్పు లేదు. కానీ కథలో ఆ పెట్టె పని వేరు. తెరిచినవాళ్లకు ఏది ప్రియమో దాన్నే చూపిస్తుంది. ఫోను దూరాన్ని చూపిస్తుంది, ఆ పెట్టె మనసును చూపిస్తుంది. సైన్స్ ఫిక్షన్ చేసే పని కూడా ఇదే. ముందుగా ఒక యంత్రాన్ని ఊహిస్తుంది, తర్వాత దాన్ని మనుషుల చేతికిచ్చి వాళ్లేం చేస్తారో చూస్తుంది.

అపోహ: ‘మాయాబజార్’ రంగుల సినిమా.

నిజం: మీ పిల్లలు చూసింది 2010 జనవరిలో విడుదలైన రంగుల ప్రతి కావచ్చు. హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ కంప్యూటర్లతో ఆ రంగులద్దింది. 1957 మార్చి 27న విడుదలైనది నలుపు తెలుపుల్లోనే. రంగులద్దేనాటికి కె.వి.రెడ్డి పోయి 37 ఏళ్లు. వీలైతే పిల్లలకు రెండూ చూపించండి. వెన్నెల ఎందులో బాగుందో వాళ్లనే తేల్చమనండి.

అప్పుడు మన వైపు

‘మాయాబజార్’ విడుదలైన నాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అయిదు నెలలు కూడా నిండలేదు. ఖమ్మం జిల్లా పుట్టింది 1953లో. భద్రాచలం మాత్రం అప్పటికింకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. గోదావరి మీద వంతెన 1965లో గానీ రాలేదు. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు వెళ్లాలంటే పడవే దిక్కు. ఆనాటి పల్లెలకు సినిమా అంటే డేరా వేసి ఆడించే టూరింగ్ టాకీసు. తెరమీద అడవిలో రథం మీద అభిమన్యుడు ఘటోత్కచుడి ఆశ్రమానికి చేరుకుంటే, మన ఏజెన్సీ ప్రాంతపు ప్రేక్షకుడికి అడవి కొత్త కాదు. ఆ అడవిలో లేని మాయే కొత్త. మీ ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటే వాళ్లు ఆ సినిమాను మొదటిసారి ఎక్కడ చూశారో పిల్లల చేత అడిగించండి. పుస్తకాల్లో దొరకని చరిత్ర అది.

గెలుపు తర్వాత

ఇక్కడితో ఆపేస్తే ఇది విజయగాథ. కానీ ఆయన జీవితం ఇక్కడితో ఆగలేదు. 1961లో ‘జగదేకవీరుని కథ’, 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ వచ్చాయి. ఆ తర్వాత గాలి మారింది. 1965లో వచ్చిన ‘సత్య హరిశ్చంద్ర’ను జనం ఆదరించలేదు. 1968లో ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’, ‘భాగ్యచక్రం’ రెండూ ఆడలేదు. ప్రేక్షకుల అభిరుచి మారిపోయింది. మనిషి అదే, పద్ధతి అదే. ఫలితం మాత్రం వేరు.

అలాంటి రోజుల్లో ఎన్టీఆర్ తన సంస్థలో ఆయనకు ‘శ్రీకృష్ణసత్య’ అప్పగించారు. ఒకప్పుడు వెనకాడిన నటుడికి కృష్ణుడి రూపం ఇచ్చిన దర్శకుడికి, ఆ నటుడే మళ్లీ కృష్ణుడి కథతో అవకాశం ఇచ్చారు. 1971లో వచ్చిన ఆ సినిమాయే ఆయనకు చివరిది. 1972 సెప్టెంబర్ 15న, 60 ఏళ్ల వయసులో కె.వి.రెడ్డి కన్నుమూశారు. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ ఛానల్ వందేళ్ల భారతీయ సినిమాలో అన్నిటికంటే గొప్పది ఏదని అడిగినప్పుడు జనం ‘మాయాబజార్’కు పట్టం కట్టారు. ఆ మాట వినడానికి ఆయన లేరు.

పిల్లల మార్కుల షీటు చూసి భవిష్యత్తు మొత్తం చెప్పేసే అలవాటు మనకుంది. భౌతికశాస్త్రం చదివిన కుర్రాడు సినిమా ఆఫీసులో క్యాషు లెక్కపెడుతున్నప్పుడు చూసినవాళ్లు చదువు దండగైందనే అనుకుని ఉండవచ్చు. ‘సత్య హరిశ్చంద్ర’ పోయినప్పుడు చూసినవాళ్లు ఆయన పని అయిపోయిందనే అనుకుని ఉండవచ్చు. రెండు లెక్కలూ తప్పాయి.

శిష్యుడి టైమ్ మెషీన్

ఆ పద్ధతి ఆయనతో పోలేదు. సింగీతం శ్రీనివాసరావు గారు కూడా ప్రెసిడెన్సీ కాలేజీలోనే చదివారు. సినిమాల్లోకి రాకముందు సూళ్లూరుపేటలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, పిల్లల చేత తాను రాసిన నాటకాలు వేయించారు. గురువు దగ్గర నేర్చుకున్న సన్నాహమే పెట్టుబడిగా 1987లో మాటల్లేని ‘పుష్పక విమానం’, 1991లో ‘ఆదిత్య 369’ తీశారు. అందులో టైమ్ మెషీన్ ఎక్కిన జంట ముందు 1526కు, శ్రీకృష్ణదేవరాయల కొలువుకు వెళ్తుంది. తర్వాత 2504కు దూకుతుంది. అది ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ కాపీ అని ఇప్పటికీ కొందరంటారు. సింగీతం గారు స్ఫూర్తిగా చెప్పింది మాత్రం 1895లో అచ్చయిన హెచ్.జి.వెల్స్ నవల ‘ది టైమ్ మెషీన్’ను. ఆ సినిమాకు పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్ ముగ్గురు కెమెరా పట్టారు. అన్ని చేతులు మారినా కథ చెదరలేదంటే, కాగితం మీద ముందే తేల్చుకునే పాత అలవాటు ఎంత పనికొచ్చిందో ఊహించవచ్చు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

ఒక ఆదివారం సాయంత్రం బల్ల మీద పళ్లెం, అందులో ఒక లడ్డూ పెట్టండి. ఫోన్‌ను పుస్తకాల మధ్య కదలకుండా నిలబెట్టండి. ఫ్యాను ఆపండి, కిటికీ వెలుగు మారకుండా కర్టెన్ వేసి లైటు వేయండి. ఒక ఫొటో తీయండి. లడ్డూను చిటికెన వేలి వెడల్పులో సగం జరిపి ఇంకో ఫొటో తీయండి. సెకనుకు 12 ఫొటోల లెక్కన అయిదు సెకన్ల సినిమాకు 60 ఫొటోలు కావాలి. ఫోన్లో దొరికే ఏదైనా స్టాప్ మోషన్ యాప్‌లో వాటిని వరసగా పేర్చండి.

ముప్పయ్యో ఫొటో దగ్గర పిల్లలకు విసుగొస్తుంది. ఎవరిదో చెయ్యి తగిలి పళ్లెం జరుగుతుంది, మొదటినుంచీ మొదలుపెట్టాల్సి వస్తుంది. అప్పుడు సాయం చేయండి గానీ, వాళ్ల బదులు మీరు చేసేయకండి. లడ్డూ పళ్లెం అంచు దాటి కదిలిన ఆ అయిదు సెకన్లు చూశాక, ‘మాయాబజార్’ మళ్లీ పెట్టండి. ఈసారి ఎలా చేశారని వాళ్లు మిమ్మల్ని అడగరు. వాళ్లే మీకు చెబుతారు.